గురుడి కుటుంబపు తోకచుక్కలకు స్కాటర్డ్ డిస్క్ ఒక్కటే చాలుతుందా? (చర్చ)

నిశాచర్:
పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంతో ముగించేస్తారు: స్వల్పకాలిక తోకచుక్కలు నెప్ట్యూన్ అవతలి మంచు పట్టీ నుంచి, దీర్ఘకాలికాలు సౌరకుటుంబాన్ని గోళంలా చుట్టి ఉన్న ఊర్ట్ మేఘం నుంచి వస్తాయని. నా అభ్యంతరం మొదటి సగం మీదే. స్వల్పకాలికాల్లో గురుడి గురుత్వం పట్టులో, 20 ఏళ్ల లోపు చుట్టుతో తిరిగేవి గురుడి కుటుంబం; అవి స్కాటర్డ్ డిస్క్ నుంచి, అంటే నెప్ట్యూన్ అవతల నెప్ట్యూనే చెదరగొట్టిన వస్తువుల గుంపు నుంచి వస్తాయంటారు. దిశ సరైనదే కావచ్చు, కానీ సంఖ్యలు కుదరడం లేదు. 2008లో కాథరిన్ వోక్, రేణు మల్హోత్రా ఇదే చూపించారు. సిద్ధాంతం కోరే సంఖ్యకు, సర్వేలను బట్టి వచ్చే సంఖ్యకు మధ్య తేడా వంద రెట్లు దాటవచ్చన్నారు. దారులు కూడా వాళ్లే సూచించారు: చిన్న పరిమాణాల దగ్గర సంఖ్య అనుకున్నదానికంటే వేగంగా పెరుగుతుండాలి, లేదా ఇప్పుడు కనిపిస్తున్న తోకచుక్కల సంఖ్య మామూలు కంటే ఎక్కువై ఉండాలి, లేదా పెద్దవి దారిలో గ్రహాల దగ్గర ముక్కలవుతుండాలి, లేదా వేరే మూలం కూడా ఉండాలి. నేను చివరిదాని వైపు. మీ వాదనలు చెప్పండి. దూరాలన్నీ భూమి–సూర్యుడి సగటు దూరాన్ని 1 యూనిట్‌గా తీసుకుని రాద్దాం.

కక్ష్యాకారుడు:
"వేరే మూలం" అనేముందు వాలుల సంగతి చూడండి. గురుడి కుటుంబపు తోకచుక్కల్లో ఎక్కువ భాగం గ్రహాల తలానికి 30 డిగ్రీల లోపు వాలుతో, గ్రహాలు తిరిగే దిశలోనే తిరుగుతాయి. ఊర్ట్ మేఘం గోళాకారం, అక్కడి నుంచి అన్ని వాలులతోనూ రావాలి. 1972లో ఎవర్‌హార్ట్ ఒక మినహాయింపు చూపించాడు: పరిహేళి (సూర్యుడికి అతి దగ్గరి బిందువు) 4–6 యూనిట్ల మధ్య ఉండి వాలు తక్కువగా ఉన్న దీర్ఘకాలికాలను గురుడు మెల్లగా లోపలికి లాగగలడు. మరుసటి ఏడాదే జాస్ లెక్కవేసి, ఆ దారిన వచ్చేవి చాలవన్నాడు. 1980లో ఫెర్నాండెజ్ నెప్ట్యూన్ అవతల ఒక పట్టీ ఉంటే ఇబ్బంది తీరుతుందన్నాడు. 1988లో డంకన్, క్విన్, ట్రెమేన్ కంప్యూటర్‌లో రెండు మూలాలనూ పోల్చారు. గోళం నుంచి బయల్దేరినవి లోపలికి వచ్చాక కూడా వాలు పోగొట్టుకోలేదు, పట్టీ నుంచి వచ్చినవే చదునుగా ఉన్నాయి. నాలుగేళ్లకు, 1992 ఆగస్టులో, జూవిట్, లూ నెప్ట్యూన్ అవతల మొదటి చిన్న వస్తువును పట్టుకున్నారు. ఊహగా మొదలైన మూలం కళ్లెదుట కనిపించింది. దీన్ని వదిలేసి సంఖ్యల దగ్గర తగువెందుకు?

నిశాచర్:
1988 లెక్కలో కంప్యూటర్ వేగం చాలక గ్రహాల ద్రవ్యరాశిని 40 రెట్లు పెంచారన్న మాట కూడా చెప్పాలి కదా. అప్పట్లోనే దాని మీద విమర్శ వచ్చింది.

కక్ష్యాకారుడు:
వచ్చింది, తీరిపోయింది కూడా. 1997లో లెవిసన్, డంకన్ అసలు ద్రవ్యరాశులతోనే నడిపారు. ఫలితం అదే. నెప్ట్యూన్ చేతికి చిక్కినవాటిలో సుమారు 30 శాతం ఎప్పుడో ఒకప్పుడు 2.5 యూనిట్ల లోపలికి పరిహేళి తెచ్చుకుంటాయి.

లెక్కల మాస్టారు:
ఇద్దరూ కాస్త ఆగండి, లెక్క అంకెలతో వేసుకుందాం.

కనిపించే, చురుకైన, అంటే వాయువు, ధూళి వదిలే తోకచుక్కలు 100 అనుకుందాం (సర్దుబాటు తర్వాత చూద్దాం). ఒక్కొక్కటి చురుకుగా ఉండే కాలం 12,000 ఏళ్లు. ఇది లెవిసన్–డంకన్‌ల అంచనా, వాళ్లే 3,000 నుంచి 25,000 దాకా పరిధి ఇచ్చారు. 100 నిలకడగా ఉండాలంటే 120 ఏళ్లకొకటి కొత్తది రావాలి. బయల్దేరినవాటిలో 30 శాతమే లోపలికి చేరుతాయి కనుక 36 ఏళ్లకొకటి డిస్క్ వదలాలి. డిస్క్‌లో ఒక్కో వస్తువు జారిపోయే అవకాశం ఏడాదికి వెయ్యి కోట్లలో ఒకటి, ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. వెయ్యి కోట్లను 36తో భాగిస్తే 28 కోట్లు. 1997లో డంకన్, లెవిసన్ విడిగా రాసిన పరిశోధనలో 60 కోట్లన్నారు. పద్ధతి ఇదే, ఇన్‌పుట్ అంకెలు కొద్దిగా వేరు.

ఇప్పుడు అవతలి వైపు. నెప్ట్యూన్ అవతలి వస్తువులను వెతికిన ఆసాస్ (OSSOS) సర్వే, ఇప్పుడు చురుగ్గా చెదురుతున్న వస్తువులు దాదాపు 90 వేలని తేల్చింది. దాని పరిమితి 8.66 ప్రకాశమాత్ర (వెలుగు కొలత; అంకె పెరిగేకొద్దీ మసక). పరావర్తన (మీద పడ్డ వెలుగులో తిప్పి పంపే వాటా) 4 శాతమనుకుంటే అది దాదాపు 120 కిలోమీటర్ల వ్యాసం. అక్కడి నుంచి 2.3 కిలోమీటర్ల దాకా దిగాలంటే పరిమాణం 53 రెట్లు తగ్గాలి. తోకచుక్కల కేంద్రకాల (లోపలి గట్టి ముద్దల) సంఖ్య పరిమాణంతో పెరిగే తీరు, స్నోడ్‌గ్రాస్ బృందం 2011లో కొలిచిన ప్రకారం, 1.9 ఘాతం. 53కు 1.9 ఘాతం దాదాపు 1,900. 90 వేలను 1,900తో గుణిస్తే 17 కోట్లు.

బ్రాసర్, మోర్బిడెల్లి 2013లో ఇదే 2.3 కిలోమీటర్ల పైన ఉండాల్సిన సంఖ్య 170 కోట్లన్నారు (తక్కువలో తక్కువ 80 కోట్లు). కాబట్టి ఈ దారిలో లోటు వంద రెట్లు కాదు, 5 నుంచి 10 రెట్లు. నిశాచర్ గారు చెప్పినంత పెద్దది కాదు, అలాగని కక్ష్యాకారుడు గారు తోసేసినంత చిన్నదీ కాదు.

కక్ష్యాకారుడు:
మాస్టారూ, మీ లెక్కలో రెండు వేర్వేరు సమూహాలున్నాయి. ఆసాస్ లెక్కించింది "ఇప్పుడు చెదురుతున్నవి", అంటే రాబోయే కోటి ఏళ్లలో అర్ధ దీర్ఘాక్షం (కక్ష్య పొడవులో సగం) 1.5 యూనిట్లు మించి మారేవి మాత్రమే. బ్రాసర్–మోర్బిడెల్లి స్కాటర్డ్ డిస్క్‌లో పరిహేళి కాస్త దూరంగా ఉండి, కోటి ఏళ్లు కదలకుండా తర్వాత మళ్లీ నెప్ట్యూన్‌కు చిక్కేవీ ఉన్నాయి. ఆ రెండోరకాన్ని కలుపుకుంటే మీ లోటు ఇంకా తగ్గుతుంది.

లెక్కల మాస్టారు:
ఒప్పుకుంటాను, అది సరైన సవరణే. కానీ రెండోరకాన్ని కలిపితే ఒక్కోటి జారే రేటును కూడా తగ్గించాలి, ఎందుకంటే అవి మెల్లగా కారేవి. సంఖ్యను పెంచి, రేటును తగ్గించకుండా వదిలేయడం కుదరదు. ఈ రంగంలో చాలా చోట్ల జరిగే పొరపాటు ఇదే: సమూహాన్ని ఒకరి నిర్వచనంతో, రేటును మరొకరి నిర్వచనంతో తీసుకుని గుణించేస్తారు.

మంచుముద్ద:
నేనైతే 12,000 ఏళ్లనే ప్రశ్నిస్తాను. అది కొలిచిన అంకె కాదు. కక్ష్యల ఆయుష్షు 3 లక్షల ఏళ్ల పైనే, కానీ అంతసేపు చురుకుగా ఉంటే వాలులు కనిపించినదానికంటే విప్పారిపోయి ఉండాలి. కాబట్టి ముందే ఆరిపోతున్నాయన్నారు. ఆరిపోయే కాలాన్ని వాలులకు సరిపెట్టి తీశారు. వాలులతో రాబట్టిన ఆయుష్షును మళ్లీ వాలుల వాదనకు సాక్ష్యంగా తేకూడదు.

స్వతంత్రంగా చూడాలంటే రోసెట్టా నౌక దగ్గరుండి కొలిచిన 67పి తోకచుక్కను చూడండి. రోసెట్టా కొలతల ప్రకారం కేంద్రకం ద్రవ్యరాశి దాదాపు 10 లక్షల కోట్ల కిలోలు. 2015 పరిహేళి చుట్టులో పోయింది సుమారు వెయ్యి కోట్ల కిలోలు. అంటే వెయ్యో వంతు. ఇదే వేగంతో వెయ్యి చుట్లు, ఒక్కో చుట్టుకు 6.4 ఏళ్లు, మొత్తం 6,400 ఏళ్లు. 12,000కు మరీ దూరమేం కాదు. కాకపోతే రెండు చిక్కులున్నాయి. లేచిన ధూళిలో ఒక భాగం మళ్లీ కేంద్రకం మీదే పడుతుంది. పరిహేళి కూడా స్థిరంగా ఉండదు: 1959లో గురుడికి 0.05 యూనిట్ల దూరంలో వెళ్లాకే దాని పరిహేళి 2.7 నుంచి 1.3కు వచ్చింది. అంతకుముందు అది ఇంత మంచు పోగొట్టుకోలేదు.

ఇంకా పెద్ద సంగతి, ఆయుష్షు అందరికీ ఒకటే అన్న ఊహ. 2017లో 41పి టటిల్–జాకోబిని–క్రెసాక్ తన చుట్టూ తాను తిరిగే సమయం మార్చిలో 20 గంటలుండగా మే నాటికి 46 గంటలు దాటింది. వాయు ధారలు తిప్పే బలం అది. నెమ్మదించిన చోట నెమ్మదించింది సరే, అదే బలం వేగాన్ని పెంచే దిక్కున ఉంటే చిన్న కేంద్రకం చీలిపోతుంది. కిలోమీటరు లోపువి త్వరగా పోతాయి, 10 కిలోమీటర్లవి చాలాకాలం నిలుస్తాయి. 2017లో నెస్వోర్నీ బృందం కూడా ఆయుష్షును పరిమాణంతో మార్చితేనే లెక్క కుదురుతుందంది: కిలోమీటరు స్థాయివాటికి కొన్ని వందల పరిహేళి చుట్లు, పెద్దవాటికి వేల చుట్లు.

నిశాచర్:
అయితే లోటు ఇంకా పెరుగుతుంది! చిన్నవి తొందరగా ఆరిపోతే, ఇప్పుడున్న సంఖ్య నిలవడానికి మూలంలో ఇంకా ఎక్కువ కావాలి.

మంచుముద్ద:
చిన్నవాటికి అవును. కానీ మాస్టారి పోలికలో లెక్కపెట్టింది 2.3 కిలోమీటర్ల పైవాటిని. పైగా వాటి పరిమాణాన్ని నేరుగా కొలవలేదు, కోమాతో (కేంద్రకం చుట్టూ ఉండే వాయు, ధూళి మేఘంతో) కలిసి వచ్చే మొత్తం వెలుగు నుంచి ఊహించారు. వెలుగు నుంచి వ్యాసానికి వెళ్లే ఆ మెట్టు దగ్గర ఒక మాత్ర తప్పితే, పరిమాణం మారి, లెక్క రెండు మూడు రెట్లు జరుగుతుంది. చురుకుదనంలో 103పి లాంటిది పరిమాణానికి మించి వెలుగుతుంది, కొన్ని పెద్దవి మసిబారి ఉంటాయి.

తొలిమెట్టు:
సందేహం అండీ. ఇంత గొడవెందుకు? ఇప్పుడున్న తోకచుక్కల కక్ష్యలను కంప్యూటర్‌లో వెనక్కి నడిపి, ఎక్కడి నుంచి వచ్చాయో చూసేయొచ్చు కదా?

కక్ష్యాకారుడు:
చాలామందికి వచ్చే ఆలోచనే ఇది, చేసి చూడడం కూడా తేలికే. ఎలా చేయాలో, ఎక్కడ కుప్పకూలుతుందో రెండూ చెబుతాను.

ముందు నాసా జేపీఎల్ వారి చిన్న వస్తువుల డేటాబేస్ నుంచి కక్ష్యాంశాలను (కక్ష్యను చెప్పే అంకెలను), వాటి అనిశ్చితి మాత్రికను తీసుకోండి. ఆ మాత్రికను బట్టి కనీసం కొన్ని వందల క్లోన్లు (ఆ అనిశ్చితి లోపలే కొద్ది తేడాతో ఉండే నకలు కక్ష్యలు) తయారుచేయండి. ప్రతి అంకెనూ విడివిడిగా కదిపితే తప్పు, అవి ఒకదానితో ఒకటి ముడిపడి మారాలి. రీబౌండ్ అనే కక్ష్యల సాఫ్ట్‌వేర్‌లో మెర్క్యూరియస్ లాంటి సంకర పద్ధతి పెట్టండి. మామూలుగా స్థిరమైన కాల అంచెతో నడుస్తుంది, గ్రహం దగ్గరికి వచ్చినప్పుడు మారే అంచెకు దిగుతుంది. అంచె ఎంతంటే, లోపలి గ్రహం ఆవర్తన కాలంలో ఇరవయ్యో వంతు. బుధుణ్ణి వదిలేసి, దాని ద్రవ్యరాశిని సూర్యుడికి కలిపితే శుక్రుడి 225 రోజులకు 10 రోజుల అంచె చాలు. మార్స్‌డెన్ పద్ధతిలో వాయు తోపుడు బలాలు (మంచు ఆవిరై ఎగసేటప్పుడు కేంద్రకాన్ని నెట్టేవి) కూడా చేర్చాలి. వాటిని వదిలేస్తే కొన్ని దశాబ్దాల్లోనే కక్ష్య జరుగుతుంది. గురుడికి 0.355 యూనిట్ల లోపు, అంటే గురుడి గురుత్వానిదే పైచేయి అయ్యే హిల్ గోళంలోకి, ఏ క్లోన్ ఎప్పుడు వెళ్లిందో విడిగా రాసుకోండి.

ఇప్పుడు చిక్కు. ఈ కక్ష్యల్లో రెండు దగ్గరి క్లోన్ల మధ్య తేడా సుమారు 100 ఏళ్లకొకసారి రెండు మూడు రెట్లవుతుంది. గురుడితో ఒక్క దగ్గరి సమాగమం జరిగితే ఆ లెక్క కూడా ఉండదు. కొన్ని వందల ఏళ్ల తర్వాత మీ క్లోన్లు ఒక కక్ష్యను చూపించవు, సాధ్యమైన కక్ష్యల మేఘాన్ని చూపిస్తాయి. అసలు ఉచ్చు ఇంకొకటుంది. న్యూటన్ సమీకరణాలు ముందుకూ వెనక్కూ ఒకేలా పనిచేస్తాయి. కాబట్టి వెనక్కి నడిపినా క్లోన్లు ముందుకు నడిపినట్టే చెదిరి, చాలావరకు బయటికి పోతాయి. "అవిగో, బయటి నుంచే వచ్చాయి!" అంటారు. అది మూలానికి సాక్ష్యం కాదు, గందరగోళ కక్ష్యల స్వభావం. ఆస్టరాయిడ్ పట్టీ నుంచి వచ్చినదాన్ని వెనక్కి నడిపినా అలాగే బయటికి పోవచ్చు. అందుకే మూలం నుంచి ముందుకు నడిపి, వచ్చిన గుంపును కనిపించే గుంపుతో పోల్చాలి.

వెనక్కి నడపడం పనికొచ్చే చోటు ఇటీవలి చరిత్రే. 39పి ఓటెర్మా చక్కని ఉదాహరణ: 1937లో గురుడి వల్ల లోపలికి, 7.9 ఏళ్ల కక్ష్యలోకి వచ్చింది. 1943లో కనుగొన్నారు. 1963లో గురుడే మళ్లీ 19 ఏళ్ల కక్ష్యలోకి నెట్టేశాడు.

లెక్కల మాస్టారు:
దీనికే ఒక చేర్పు. 81పి వైల్డ్ 1974 సెప్టెంబరులో గురుడికి పది లక్షల కిలోమీటర్ల లోపు దూరంలో దాటింది. పరిహేళి దాదాపు 5 నుంచి 1.5కు పడింది. 1978లో కనుగొన్నారు. 67పిని 1959 తర్వాత పదేళ్లకు, 1969లో కనుగొన్నారు. ఈ వరుస చూస్తే మన జాబితాలు కొత్తగా లోపలికి పడ్డ, ఇంకా మసిబారనివాటి వైపు మొగ్గి ఉన్నాయని తెలుస్తుంది. చెరువులో నీటిమట్టం కొలవకుండా తూము దగ్గర నిలబడి లెక్కపెట్టినట్టు. ఈ మొగ్గును సవరించకుండా "100 చురుకైనవి" అని రాసుకోవడం కూడా ప్రమాదమే.

అపహేళి:
ఎవరూ 2పి ఎన్‌కే తోకచుక్క ఊసెత్తలేదు. ఆవర్తన కాలం 3.3 ఏళ్లు, అపహేళి (సూర్యుడికి అతి దూరపు బిందువు) 4.1 యూనిట్లు, అంటే గురుడి కక్ష్యను అసలు తాకదు. గురుడితో ముడిపెట్టే టిస్సెరాండ్ సంఖ్య వేసి చూద్దాం. గురుడి అర్ధ దీర్ఘాక్షాన్ని (5.204) తోకచుక్కదానితో భాగించాలి. దానికి, తోకచుక్క అర్ధ దీర్ఘాక్షాన్ని గురుడిదానితో భాగించి, ఒకటి లోంచి ఉత్కేంద్రత (కక్ష్య ఎంత కోలగా ఉందో చెప్పే అంకె) వర్గం తీసేసినదానితో గుణించి, వర్గమూలం తీసి, రెట్టింపు చేసి, వాలు కొసైన్‌తో గుణించి కలపాలి. 67పికి 2.75 వస్తుంది, 2–3 మధ్య కాబట్టి గురుడి కుటుంబం. హేలీకి మైనస్ 0.6. ఎన్‌కేకి 3.03. గీత దాటేసింది.

స్కాటర్డ్ డిస్క్ నుంచి వచ్చిన వస్తువు అంత లోపలికి ఎలా దిగింది? 2006లో లెవిసన్ బృందం గ్రహాల గురుత్వం ఒక్కదానితోనే చూసింది. అలా దిగడం సాధ్యమే, కానీ అందుకు పట్టే కాలం తోకచుక్క చురుకుగా ఉండే కాలానికి దాదాపు 200 రెట్లు. దారిలోనే ఆరిపోవాలి. కానీ ఎన్‌కే భేషుగ్గా వెలుగుతోంది.

కక్ష్యాకారుడు:
వాయు తోపుడు బలాలు కలపండి. 19వ శతాబ్దంలో ఎన్‌కే ఆవర్తన కాలం ప్రతి చుట్టుకూ సుమారు రెండున్నర గంటలు తగ్గేది. విపుల్ 1950లో మంచు కేంద్రకం ఊహించినప్పుడు వివరించింది దీన్నే.

అపహేళి:
ఆ తగ్గుదల ఇప్పుడు చాలా చిన్నది. కేంద్రకపు అక్షం దిశ మారుతుంటే తోపుడు కూడా మారుతుంది, గుర్తు కూడా తిరగబడవచ్చు. రెండున్నర గంటలను వేల చుట్లకు పొడిగించి గుణించడం కుదరదు. మిగిలిన దారి: మధ్యలో నిద్రపోయి, పరిహేళి లోపలికి జరిగాక మళ్లీ లేచిందనడం. నేనూ అటే మొగ్గుతాను. అయితే అప్పుడు "12,000 ఏళ్లకు ఆరిపోతుంది" అన్న మాటకు అర్థం మారుతుంది. ఆరినది మళ్లీ వెలిగే పక్షంలో మాస్టారి మొదటి మెట్టే జరుగుతుంది.

నిశాచర్:
ఎన్‌కే లాంటివాటికి ఆస్టరాయిడ్ పట్టీయే మూలమంటే? ఆ పట్టీలోనే తిరుగుతూ తోకచుక్కల్లా ప్రవర్తించే 133పి ఎల్స్ట్–పిజారో లాంటివి ఉండనే ఉన్నాయి. 2006లో షే, జూవిట్ వాటిని ఒక తరగతిగా గుర్తించారు. 2023లో జేమ్స్ వెబ్ 238పి రీడ్‌లో నీటి ఆవిరి చూసింది.

మంచుముద్ద:
అదే కొలతలో కార్బన్ డయాక్సైడ్ కనిపించలేదు, అదీ చెప్పాలి. మామూలు తోకచుక్కల్లో అది గణనీయంగా ఉంటుంది. అవి వేరే జాతి, వాటి చురుకుదనం కూడా చాలా తక్కువ. 2015లో ఫెర్నాండెజ్, సోసా భూమి దగ్గరికి వచ్చే గురుడి కుటుంబంలో కొన్ని అనుమానాస్పదంగా నిలకడైన కక్ష్యల్లో ఉన్నాయని చూపించారు. కొన్ని చొరబాటుదారులు ఉండొచ్చు. కొన్నే.

భారజలం (డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు) వాదన కూడా ఎవరో తెస్తారని ముందే చెబుతున్నాను. 103పి హార్ట్‌లీలో డ్యుటీరియం–హైడ్రోజన్ నిష్పత్తి పది వేలకు 1.6, భూమి సముద్రాలకు దగ్గర. 67పిలో పది వేలకు 5.3, మూడు రెట్లకు పైగా. రెండూ ఒకే కుటుంబం. దీన్ని పట్టుకుని రెండు మూలాలనడం తొందరపాటు. 46పి విర్టానెన్‌లోనూ 1.6 వచ్చాక, అతి చురుకైనవాటిలో నిష్పత్తి తక్కువగా ఉంటుందన్న పోకడ 2019లో బయటపడింది. 2024లో 67పి డేటాను మళ్లీ చూసినప్పుడు ధూళి దగ్గర కొలత పెరిగి కనిపిస్తోందని తేలింది. పుట్టినచోటు కంటే కొలిచిన పద్ధతే ఎక్కువ మాట్లాడుతోంది.

తొలిమెట్టు:
హేలీ రకం సంగతి? 20 నుంచి 200 ఏళ్లవి కూడా స్వల్పకాలికాలే కదా.

మోడరేటర్:
దానికి వేరే చర్చ నడుస్తోంది, ఇక్కడ క్లుప్తంగా. 2014లో వాంగ్, బ్రాసర్ వాటికి ఊర్ట్ మేఘమే మూలమన్నారు. 2017 నెస్వోర్నీ లెక్కల్లోనూ అదే. హేలీ వెనుకదిశలో తిరగడం, 12పి పాన్స్–బ్రూక్స్ 74 డిగ్రీల వాలు, ఇవన్నీ దానికి నప్పుతాయి. మళ్లీ విషయానికి రండి.

నిశాచర్:
గురుడికి, నెప్ట్యూన్‌కు మధ్యలో ఉన్నవాటి (సెంటార్ల) మాటకొస్తాను. 2019లో సారిద్ బృందం "గేట్‌వే" అన్నది: పరిహేళి 5.4 పైన, అపహేళి 7.8 లోపల ఉండే సన్నని ప్రాంతం. గురుడి కుటుంబంలో చేరేవాటిలో మూడింట రెండొంతులకు పైగా ఆ గుమ్మం గుండా వెళ్తాయట. 29పి తోకచుక్క అక్కడే ఉంది. దాదాపు వృత్తాకార కక్ష్య, 60 కిలోమీటర్ల కేంద్రకం, ఏడాదికి సగటున ఏడు విస్ఫోటాలు. 2019 ఎల్‌డీ2 అనే వస్తువు 2063లో గురుణ్ణి కలిసి కుటుంబంలోకి వస్తుంది. గుమ్మం దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే లోపలికి వచ్చే రేటు నేరుగా తెలుస్తుంది, డిస్క్ దాకా వెళ్లక్కర్లేదు.

మంచుముద్ద:
వచ్చే రేటు తెలుస్తుంది, వచ్చేవి కొత్తవో పాతవో తెలియదు. 2023లో గిల్బర్ట్-లెపూత్ర్ బృందం ఆ ప్రాంతంలోకి మొదటిసారి వచ్చేవాటిలో సగానికి పైగా అంతకుముందే లోపలికి వచ్చి కాలినవేనంది. ఓటెర్మా కథ అదే కదా, లోపలా బయటా తిరిగింది. గుమ్మం దగ్గర లెక్కలో ఒకే తోకచుక్క రెండుసార్లు పడుతుంది.

లెక్కల మాస్టారు:
ఇంకో సాక్ష్యం మిగిలింది, ఇది నిశాచర్ గారికి నచ్చదు. న్యూ హొరైజన్స్ నౌక 2015లో ప్లూటో, కేరన్ మీద తీసిన చిత్రాల్లో 13 కిలోమీటర్ల లోపు బిలాలు అనుకున్నదానికంటే చాలా తక్కువ. 2019లో సింగర్ బృందం దాన్ని 1–2 కిలోమీటర్ల లోపు వస్తువుల కొరతగా చదివింది. చిన్నచోట సంఖ్య ఉవ్వెత్తున పెరిగి లోటు పూడుస్తుందన్న ఆశ ఆ పరిమాణం దగ్గర పోయింది. 2.3 కిలోమీటర్లు ఆ గీతకు కాస్త పైనే ఉంది కాబట్టి నా 17 కోట్లకు దెబ్బ లేదు. కానీ 170 కోట్లు చేరాలంటే 120 నుంచి 2.3 దాకా ఘాతం 1.9 కాదు, 2.5 కావాలి. ఆ మధ్య భాగం మొత్తాన్ని నేరుగా చూసిన సర్వే లేదు.

నిశాచర్:
నచ్చకపోవడమేం లేదండీ, అది నా వాదనకే బలం. డిస్క్‌లో చిన్నవి తక్కువైతే మిగతా మూలాల వాటా పెరుగుతుంది.

కక్ష్యాకారుడు:
వాటి వాలు ఎవరు తగ్గిస్తారు? ఊర్ట్ మేఘం నుంచి సెంటార్ కక్ష్యల గుండా వచ్చేవి ఉన్నాయని ఎమెల్యానెంకో బృందం చాలాకాలంగా అంటోంది. ఉండొచ్చు. అవి గురుడి కుటుంబంలో సగం అయ్యుంటే ఇప్పుడు కనిపించేవాటిలో 30 డిగ్రీల పైన వాలున్నవాటి వాటా పెద్దగా ఉండాలి. లేదు. ఆ మూలం వాటా 10 శాతమంటే వింటాను. 5–10 రెట్ల లోటును అది పూడ్చదు.

మంచుముద్ద:
వాలు ఎక్కువున్నవే ముందు ఆరిపోతే ఆ వాటా కనిపించదు. వాలు పెరిగేది ఆలస్యంగా, అప్పటికి చాలా చుట్లు తిరిగి ఉంటాయి. ఆరినవాటిలో వెతకండి: టిస్సెరాండ్ సంఖ్య 3 లోపు ఉన్న చీకటి ఆస్టరాయిడ్లలో. భూమి దగ్గరి వస్తువుల్లో 8 శాతం (5 శాతం అటూఇటూ) తోకచుక్కల అవశేషాలని 2008లో డిమియో, బింజెల్ అంచనా. 3552 డాన్ కీహోటే ఆస్టరాయిడ్ అనుకున్నాం, స్పిట్జర్ 2009లో చూసిన డేటాలో వాయువు బయటపడింది. ఆరిన గుంపు వాలులు చురుకైన గుంపు కంటే ఎంత విప్పారి ఉన్నాయో రూబిన్ టెలిస్కోప్ జాబితాల్లో పరిమాణం వారీగా విడదీసి చూస్తే, కక్ష్యాకారుడు గారి 10 శాతం నిలుస్తుందో లేదో తెలుస్తుంది.

కక్ష్యాకారుడు:
పరావర్తన 7 శాతం లోపువాటినే తీసుకోండి. ఆస్టరాయిడ్ పట్టీ నుంచి గురుడితో 2:1 అనునాదం (గురుడి ఒక్క చుట్టుకు రెండు చుట్లు తిరిగే కక్ష్య) గుండా జారినవి కూడా 3 లోపుకు వచ్చేస్తాయి. పరావర్తన కొలవకుండా వాటిని కలిపేస్తే ఆ వాలుల పోలిక చెడిపోతుంది.